తాళం నాగమ్మ

మా అత్త నాగమ్మాళ్ పుట్టిన ఊరు కోవిల్‌పట్టి పక్కన ఎర్రమనాయకన్‌పట్టి. ఆ ఊళ్ళో వట్టి నాగమ్మాళ్ అని అడిగితే ఎవరికీ తెలియదు. 'తాళం నాగమ్మ' అనాలి. అప్పుడు చంటిపిల్లకు కూడా నవ్వొస్తుంది, చెయ్యి చాపి ఇల్లు చూపిస్తుంది. ఆమె నాకు అత్తగారే కాదు, మేనత్త కూడా. మా నాయన లక్ష్మణసామికి సొంత అక్క. అందుకని ఆ పేరు వెనక కథ నేను విరుదునగర్‌కు కాపురానికి రాకముందే, ఊహ తెలిసిన నాటినుంచీ వింటూనే ఉన్నాను. మా నాయన ఏ పెళ్ళికి పోయినా సరే, విస్తరి ముందు కూర్చుంటే చాలు, ఆ కథ చెప్పందే చెయ్యి కడిగేవాడు కాదు.

మా వైపు తెలుగు ఇంట్లో మాట్లాడుకునేదే గాని చదువుకునేది కాదు. గడప దాటితే తమిళమే. అందుకని తలుపుకు వేసి బిగించేదాన్ని మేము కూడా తమిళం వాళ్ళలాగే పూట్టు అంటాం. తాళం అంటే మాకు భజనలో వాయించే ఇత్తడి తాళాలు, అంతే. ఇంకో తాళం మాకు లేదు. నలభై ఏళ్ళ కిందట నెల్లూరు వైపునుంచి రాఘవదాసు అని ఒక అయ్యవారు వచ్చి, ఊళ్ళో పిల్లలను చేరదీసి భజన గోష్ఠి కట్టాడు. ఆయన వైపు తలుపుకు వేసేదాన్ని కూడా తాళమే అంటారట. ఒకసారి ఈ పిల్లల గోష్ఠిని కడంబూరులో ఉత్సవానికి పిలిచారు. బండ్లు కట్టారు, అందరూ ఎక్కుతున్నారు. అయ్యవారు మా అత్తను పిలిచి, "భజన ఇంటికి తాళం వేసి రామ్మా" అన్నాడు. మా అత్తకు అప్పుడు పదకొండేళ్ళు. లోపలికి పోయింది, వచ్చింది, బండెక్కింది. "వేశావా?" అంటే "వేసినాను" అంది.

మర్నాడు తిరిగొచ్చి చూస్తే తలుపు బార్లా తెరిచి ఉంది. రాములవారి పటానికి ఊరంతా కలిసి చేయించిన వెండి కిరీటం లేదు. పెద్దలు కూర్చుని, "ఏంటికే పూట్టు వెయ్యలేదు?" అని గద్దించారు. మా అత్త ఏడుస్తూ, "పూట్టు అని ఎవరు చెప్పినారు? తాళం వెయ్యమన్నారు. కడంబూరులో పాటకంతా నేనేగదా తాళం వేసినాను!" అంది. అంతే! ఊరు ఊరంతా కడుపు పట్టుకుని నవ్విందట. కిరీటం పోయిన ఏడుపు కూడా కాసేపు మరిచిపోయారట.

మా నాయన కథ అక్కడికి ఆపేసేవాడు. ఆ తరువాత అయ్యవారు ఏమయ్యాడు నాయనా అని నేను ఒకసారి అడిగాను. "పంపేసినారు. ఊరి మాట తెలియనివాడికి ఊరి పిల్లల్ని ఎట్ల అప్పగించేది?" అన్నాడు, రసం వడ్డించేవాణ్ణి పిలుస్తూ. నేనూ మళ్ళీ అడగలేదు. నవ్వు వచ్చే చోట ఆగిన కథను ఎవరు పొడిగించమంటారు చెప్పండి?

మా అత్త కాపురానికి వచ్చినప్పుడు విరుదునగర్ పేరు ఇంకా విరుదుపట్టే. మామగారిది నువ్వుల నూనె గానుగ. ఎద్దు తిరుగుతున్నంతసేపూ ఆమె కూడా తిరుగుతూనే ఉండేది: నువ్వులు చెరగడం, పిండి ఎత్తడం, బండికి డబ్బాలు సిద్ధం చేయడం. మామగారు పోయాక గానుగ మొత్తం ఆమే నడిపింది. గట్టిమనిషి. సంతలో ఎవడైనా మన్ను కలిసిన నువ్వులు తెస్తే, గుప్పెడు తీసి వాడి అరచేతిలోనే పోసి, "నువ్వు తిని చూపించు, తరవాత నేను తీసుకుంటాను" అనేది. అంతటి నోరున్న మనిషి, పాట అంటే మాత్రం నోరు విప్పదు. నలుగుపాట లేదు, జోలపాట లేదు. నా బిడ్డను ఊయలలో వేసి గంటసేపు ఊపుతుందే గాని, ఒక్క 'జో' అనదు. 'గోష్ఠిలో పాడినదానివి, నీకేం వచ్చింది రోగం!' అని నేను ముఖం మీదే అనేదాన్ని. వినిపించనట్టు ఊపుకుంటూ కూర్చునేది.

ఇంకో సంగతి. నేను కోడలిగా అడుగుపెట్టిన మొదటి పొద్దునే మా అత్త నడుముకున్న పూట్టుచెవుల గుత్తి తీసి నా చేతిలో పెట్టేసింది. బియ్యపు గది, నగల పెట్టె, గానుగ కొట్టు, అన్నీ. వీధి వీధంతా ముక్కున వేలేసుకుంది. "ఏ అత్త ఇట్ల ఇస్తుందే? పెట్టి పుట్టినావు పో" అన్నారు. నేను కూడా ఆ గుత్తి గలగలలాడించుకుంటూ తిరిగాను, అబద్ధమెందుకు. కానీ పొద్దు గూకితే చాలు మొదలు. "వల్లీ, పూట్టు వేసినావా?" "వేసినాను అత్తా." కాసేపటికి మళ్ళీ, "వల్లీ, లాగి చూసినావా?" "చూసినాను!" మళ్ళీ... అబ్బబ్బ, ఎన్నిసార్లని! "నమ్మకం లేకుంటే వచ్చి చూసుకోరాదా!" అని విసుక్కునేదాన్ని. వచ్చి చూసుకునేది కాదు. పూట్టు మీద ఆమె చెయ్యి వేయడం నేను ఒక్కనాడూ చూడలేదు. నా మీద ప్రేమకొద్దీ ఇచ్చిందనుకున్న గుత్తి అది. వెర్రిదాన్ని.

పోయిన ఏడు, అంటే పంతొమ్మిదివందల ముప్పై ఆరులో, శ్రీరామనవమికి ముందు మునుసామి మామ మా ఇంటికి వచ్చాడు. కోవిల్‌పట్టిలో పత్తి తరగు, అంటే దళారీ పని, చేస్తాడు. చిన్నప్పుడు అదే గోష్ఠిలో కంజీర కొట్టినవాడు. పట్టుపంచె కట్టి, బొజ్జ ముందుకు పెట్టుకుని వచ్చి కూర్చుని, మజ్జిగ తాగకముందే అందుకున్నాడు.

"నాగమ్మా, మన ఎర్రమనాయకన్‌పట్టిలో బజన ఇల్లు కొత్తగా కట్టినాము. నవమికి తెరుస్తుండారు. మొదటి పాట మనదే. మన గోష్టి మళ్ళా పాడాల. కాదనగూడదు, చెప్పేసినాను."

"మన గోష్టి ఇంకేడుండాది మునుసామీ?" అంది మా అత్త నవ్వుతూ.

"ఆరుమందిమి ఉంటిమి. ఒకడు కొలంబో పోయినాడు, ఒకామె దేవుడిదగ్గిరికి పోయింది. నువ్వు, నేను, బొమ్మక్క ఉండాము. ఇంక ఎవరో చెప్పుకో చూద్దాం." చెప్పుకోనివ్వకుండా తానే చెప్పేశాడు. "పంచవర్ణం! అయ్యవారి కూతురు! అరుప్పుకోట్టైలో నేతపనివాళ్ళ ఇంట్లో ఉండాది. నేనే పోయి అడిగినాను. మొదట రానన్నది. మా నాయన పేరు ఆ ఊళ్ళో మంచిగా అనుకోరులే అన్నది. అట్లంతా ఏమీ లేదమ్మా, నవ్వుకుంటాము అంతే అని చెప్పి ఒప్పించినాను."

"అయ్యవారు?" అంది మా అత్త.

"పోయి మూడేండ్లు అయిందంట."

మా అత్త చేతిలో మజ్జిగ చెంబు ఉంది. ఇంకో లోటా పోయడానికి వంగినదల్లా చెంబు కింద పెట్టి, లేచి లోపలికి పోయింది. మునుసామి మామ ఖాళీ లోటాతో నావైపు చూశాడు. నేనే పోశాను.

ఆ రోజునుంచి మా అత్తకు అన్నం సయించలేదు. పోనంటుంది, గంట తరువాత పోదామంటుంది. పెట్టెలోనుంచి చీర తీస్తుంది, మళ్ళీ పెట్టేస్తుంది. "ఏమత్తా, పెండ్లిచూపులకు పోతుండావా?" అని ఏడిపించాను. కస్సుమంటుందనుకుంటే కళ్ళలో నీళ్ళు పెట్టుకుంది. ఇదేదో వట్టి బెట్టు కాదని నాకు అప్పుడే అనుమానం తగిలింది.

నవమికి ముందురోజు రైలెక్కాము. మా ఆయన రంగనాథన్ మగవాళ్ళ పెట్టెలో, మేమిద్దరం ఆడవాళ్ళ పెట్టెలో. సాత్తూరులో లేత దోసకాయలు అమ్మొస్తే కొని, ఉప్పూ కారం అద్ది అత్త చేతికిచ్చాను. తినలేదు. బయట కోసేసిన పత్తిచేలు నల్లగా ఉన్నాయి. వాటిని చూస్తూ, నా వైపు తిరగకుండానే అంది:

"వల్లీ, నాకు తెలుసు."

"ఏమి తెలుసు?"

"తాళమంటే పూట్టు అని."

నాకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక నమ్మబుద్ధి కాలేదు. ఆమె చెప్పుకుంటూ పోయింది.

"మొదట నిజంగానే తప్పు పోయింది. అయ్యవారు వచ్చిన కొత్తలో, ఒకనాడు సాయంత్రం అందరూ ఇండ్లకు పోయినాక, 'తాళం వేసి రామ్మా' అన్నారు. నేను ఇత్తడి తాళాలు తెచ్చి ఆయన ముందర ఝణ్ అని కొట్టినాను. ఆయన నవ్వినారు చూడు, కండ్లలో నీళ్ళు వచ్చిందాకా నవ్వినారు. తలుపు దగ్గిరికి పిలుచుకుపోయి, 'మా వైపు దీన్ని కూడా తాళమే అంటామురా తల్లీ' అని చూపించినారు. ఆ పొద్దునుంచి దినమూ నేనే వేసేదాన్ని. పంచవర్ణం పొయ్యి ముట్టించేదానికి ముందే ఇంటికి పోతుంది, మొగపిల్లకాయలు నిలవరు. నేను వేసేది ఆయనకొక్కరికే తెలుసు."

"మరి ఆ పొద్దు ఏంటికి వెయ్యలేదు?"

"బండిలో ముందర కూచునేదానికి." ఆ మాట చెప్పి ఆమె ముఖం చేతులతో కప్పుకుంది. "అంతే వల్లీ. ఆ పూట్టు పాతది. రెండు చేతులతో బలంగా నొక్కితేనే పడుతుంది. మునుసామి ముందర ఎక్కేస్తుండాడు. తలుపు లాగేసి, పూట్టు గొళ్ళానికి ఊరికే తగిలించి పరిగెత్తినాను. ఒక్కరోజుకు ఏమవుతుందిలే అనుకున్నాను. ఆయన వేశావా అంటే వేసినాను అన్నాను."

"పెద్దలు అడిగినప్పుడు?"

"మా నాయన చేతిలో ఎద్దులను అదిలించే తోలువారు ఉండాది. చచ్చినాను అనుకున్నాను. అప్పుడు ఆ పాత తప్పు నోటికి వచ్చేసింది. అందరూ నవ్వినారు. అయ్యవారు నవ్వలేదు. నన్నే చూసినారు. ఆయనకు తెలుసుగదా, నాకు నేర్పింది ఆయనేగదా! ఇప్పుడు చెప్పేస్తారు, ఇప్పుడు చెప్పేస్తారు అని వణుకుతుండాను. ఆయన వచ్చి నా తలమీద చెయ్యి పెట్టి, 'తప్పు నాదేనయ్యా. పిల్ల దాని మాటలో సరిగానే విన్నది. నా మాటే మీ ఊరి మాట కాదు' అన్నారు. మర్నాడు పంచవర్ణాన్ని చెయ్యి పట్టుకుని, మూట నెత్తిన పెట్టుకుని నడిచి పోయినారు. మంచి ఎండలో. నేను మిద్దెమీద నుంచి చూసినాను. దిగి పోలేదు."

నాకు ఒళ్ళు మండింది. చిన్నపిల్ల చేసిన పని మీద కాదు. పెద్దదయ్యాక ఇన్నేళ్ళూ ప్రతి పెళ్ళిలోనూ ఆ కథకు మా నాయన పక్కన కూర్చుని నవ్విందే, దాని మీద. అదే అన్నాను కూడా. "నవ్వకుంటే ఎందుకు నవ్వలేదని అడుగుతారే" అంది. ఆ మాట విన్నాక తిట్టడానికి నాకు నోరు రాలేదు. భుజంమీద చెయ్యి వేసి, "అత్తా, పంచవర్ణం వస్తుందిగదా. ఆమెతో చెప్పెయ్. చెప్పేస్తే నీ బారం దిగిపోతుంది" అన్నాను.

"దిగుతుందా, వల్లీ?"

"దిగకుండా ఏడికి పోతుంది!" అన్నాను. ఎంత సుళువుగా అన్నానో! ఇరవై రెండేళ్ళ వయసులో, ఎత్తిన బరువు ఒక్కటీ లేనిదాన్ని.

పట్టిలో పందిరి వేశారు. బానల్లో పానకం, నీరుమజ్జిగ. కొత్త గోడల సున్నం వాసన ఇంకా పోలేదు. బొమ్మక్క పెద్దమ్మ వచ్చింది. ఒళ్ళు బరువెక్కి, ఇద్దరు పట్టుకుంటేగాని కింద కూర్చోలేదు, కూర్చున్నాక మాత్రం ఊరందరి మీద ఛలోక్తులే. పంచవర్ణం మూలగా గోడకు ఆనుకుని కూర్చుంది. బక్కమనిషి. నూలు పట్టి పట్టి వేళ్ళ కొసలు కాయలు కాశాయి. మా అత్తను చూడగానే లేచి వచ్చి రెండు చేతులూ పట్టుకుని, "నాగమ్మా, ఎట్ల ఉండావే?" అంది. ఆ ముఖంలో కోపం గాని ఎత్తిపొడుపు గాని ఏమీ లేవు. ఒకటైనా ఉంటే మా అత్తకు కాస్త సులభమయ్యేది.

నలుగురూ పాటకు కూర్చున్నారు. మొదటి చరణం అందరికీ వచ్చింది, రెండోదానికి మునుసామి మామ మూడోది పాడాడు, బొమ్మక్క పెద్దమ్మ మొదటిదే మళ్ళీ ఎత్తుకుంది. పందిరంతా నవ్వు. పంచవర్ణం ఒక్కతే తప్పు లేకుండా, గొంతు పెంచకుండా, చివరిదాకా లాక్కుపోయింది. మా అత్త పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు.

పాట అయ్యీ కాకముందే మునుసామి మామ లేచాడు. ముందు వరసలో ఊరి పిల్లలంతా కూర్చుని ఉన్నారు.

"పిల్లకాయలా, తాళం నాగమ్మ కత తెలుసునా మీకు?"

"తెలుసు! తెలుసు!" అని అరిచారు.

"మీ తాతలు చెప్పినారు. ఇప్పుడు తాళం నాగమ్మే చెప్తుంది, వినండి!" అని, ఇత్తడి తాళాలు తెచ్చి మా అత్త ఒళ్ళో పెట్టాడు. "ఆ పొద్దు పెద్దల ముందర ఏమన్నావో, అట్లనే అనాల!"

మా నాయన వెనకనుంచి అప్పుడే నవ్వడం మొదలుపెట్టాడు. నేను పంచవర్ణం వైపు చూశాను. ఆమె కూడా నవ్వుతోంది. చుట్టరికం లేని ఇంట్లో నలుగురితోపాటు నవ్వేవాళ్ళు నవ్వినట్టు, తల వంచుకుని. "మా నాయన మాట అట్ల ఉండె" అంది పక్కావిడతో.

మా అత్త తాళాలు తీసి నేలమీద పెట్టింది.

"కత అట్ల కాదు, మునుసామీ. నాకు తెలుసు. తాళమంటే పూట్టు అని నాకు బాగా తెలుసు. అయ్యవారు ముందే నేర్పించినారు. దినమూ నేనే వేసేదాన్ని. ఆ పొద్దు వెయ్యకుండా పరిగెత్తినాను. దెబ్బలకు బయపడి అబద్దం చెప్పినాను. ఆయన తప్పు ఏమీ లేదు."

పిల్లలు ఇంకా నవ్వు వచ్చే మాటకోసం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. ఆఖరికి మునుసామి మామే తేరుకున్నాడు. "పోవే! పదకొండేండ్ల పిల్లవు. పిల్లకాయలు అబద్దం చెప్పకుంటే ఎవరు చెప్తారు?" అని పకపకా నవ్వాడు. ఇంకో ఇద్దరు ముగ్గురు కలిశారు. బొమ్మక్క పెద్దమ్మ, "నవమి పొద్దు ఏంటికే ఈ మాట? పానకం తాగండి, రండి" అంది. మా నాయనకైతే ఎంత కోపం వచ్చిందో! "అక్కా, నీకు బుద్ధి ఉండాదా? బాగుండే కతను..." అని పళ్ళు కొరికాడు. ఊరు క్షమించేసింది. దానికి ఎంతసేపు పట్టింది, ఒక లోటా పానకం తాగినంతసేపు.

పంచవర్ణం లేచి మా అత్త భుజం తట్టి, "దా" అంది. భజన ఇంటి వెనక పత్తికట్టె మోపుల నీడలోకి తీసుకుపోయింది. నేనూ వెంట పోయాను. పొమ్మంటారేమో అనుకున్నాను, ఇద్దరూ నన్ను పట్టించుకోలేదు. మా అత్త వంగి కాళ్ళు పట్టుకోబోతే పంచవర్ణం వెనక్కు జరిగింది.

"నా కాళ్ళు వద్దు, నాగమ్మా. నేను చెప్పేది విను. ఈడనుంచి పోయినాక మాకు ఏ ఊళ్ళోనూ నిలకడ లేదు. పాట చెప్పేదానికి ఆయన ఒప్పలేదు. నా మాట వల్ల ఒక ఊరి సొత్తు పోయింది, ఇంకొక ఊరికి వద్దు అన్నాడు. నూలు చుట్టే పనికి పోయినాడు. కూటికి లేని దినమంతా నేను ఏమనేదాన్నో తెలుసునా? 'పూట్టు అని ఒక్క మాట నేర్చుకోనుంటే మనకు ఈ గతి వచ్చునా' అని. చిన్నప్పుడు అన్నాను, పెండ్లి అయినాక అన్నాను. నాకు పిల్లలు పుట్టినాక, వాళ్ళతో నీ తెలుగు మాట్లాడవద్దు అన్నాను. ఆయన మాట్లాడలేదు. తాతకు తెలుగు వచ్చునని కూడా నా పిల్లలకు తెలియదు. సావు దగ్గిరకి వచ్చినప్పుడు నీళ్ళు కూడా తమిళంలోనే అడిగినాడు. నన్ను చూసి, బయపడి."

మా అత్త పత్తికట్టె మోపు పట్టుకుని నిలబడింది.

"ఒకటే చెప్పు" అంది పంచవర్ణం. "నువ్వు అబద్దం చెప్తుండావని ఆయనకు తెలుసునా?"

మా అత్త నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.

"తెలియదు. నేర్పించినా మళ్ళా పొరబడినానని అనుకున్నారు" అంది మా అత్త.

"అయితే..." అంది పంచవర్ణం. "అయితే తన నోరే తప్పు చేసిందని అనుకుంటానే పోయినాడు, పావం. ఇప్పుడు ఎవరు పోయి చెప్పేది, నీ తప్పు కాదు నాయనా అని?" కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ఆ ఏడుపు చూసి మా అత్త తట్టుకోలేకపోయింది. "లేదు పంచీ, లేదు. తెలుసు. ఆయనకు తెలుసు. నేర్పించింది ఆయనేగదా. తెలిసే నా తలమీద చెయ్యి పెట్టి, తప్పు నాదే అన్నారు. నన్ను కొట్టగూడదని. మంచికోసమని ఇప్పుడు కూడా అబద్దం చెప్పినాను, నా నోరు పడిపోను!"

పంచవర్ణం ఏడుపు ఆగిపోయింది. ఆగకుండా ఉంటే బాగుండేది.

"తెలిసీ... నాతో ఒక్క మాట చెప్పలేదే" అంది మెల్లగా. "నేను అన్నదంతా పడినాడే. అమ్మా, ఆ పిల్లది అబద్దం అని ఒక్కనాడు అనుంటే నేను ఊరుకునేదాన్నిగదా."

పందిట్లో మళ్ళీ పాట ఎత్తుకున్నారు. మునుసామి మామ గొంతు పెద్దగా వినిపిస్తోంది. మమ్మల్ని ఎవరూ పిలవలేదు. మా అత్త, "నన్ను తిట్టు పంచీ. కొట్టు. ఏమన్నా చెయ్" అంది. పంచవర్ణం తిట్టలేదు. ముఖం తుడుచుకుని, మా అత్త వైపు తిరిగింది.

"మాడన్ అని ఒకతను మీ గానుగ నూనె బండి తోలుకుని మా వీదికి వస్తాడు. చాలా ఏండ్లుగా వస్తుండాడు. నీది విరుదునగర్‌లో గానుగ అని నాయనకు అతను చెప్పే తెలిసింది. బండి వచ్చినప్పుడంతా నాయన చేస్తున్న పని వదిలి వీదిలోకి పోయేవాడు. నూనె కొనేదానికి కాదు. 'నాగమ్మ బాగుండాదా? బిడ్డలు బాగుండారా?' అని అడిగేదానికి. అతను పోయి నీతో చెప్పేవాడు కాదా, నాగమ్మా?"

మాడన్ బండి దిగి పెరట్లో చేతులు కడుక్కుంటూ, అరుప్పుకోట్టైలో ఎవరో ముసలాయన మిమ్మల్ని అడిగాడమ్మా అనడం నేను కూడా విన్నాను. కాపురానికి వచ్చిన కొత్తలో ఎన్నోసార్లు విన్నాను. ఎవరత్తా అంటే, ఎవరో తెలిసినవాళ్ళు అనేది.

మా అత్త పత్తికట్టెల పక్కన నేలమీద కూలబడింది.

"చెప్పేవాడు" అంది.